సాంచ కింద దొర

సిగ్గు కాదది. సిగ్గయితే మొహం తిప్పుకోవాలి, రెండడుగులు దూరం జరిగి ఓరకంట చూడాలి, తోకైనా కాస్త ఆడాలి. ఇది వణుకుతోంది. సిగ్గుకూ వణుకుకూ తేడా జలపతికి బాగా తెలుసు. రెండూ ఒకే పూట అనుభవించిన రోజులు అతని బతుకులో ఉన్నాయి. ఆ రోజుల సంగతి ఇప్పుడెందుకని తనను తాను కసురుకొని, మోకాళ్ల మీద వంగి, మళ్లీ సాంచ కిందికి చూశాడు.

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. గోవర్ధన్ కార్ఖానాలో అలాంటివి ఎనిమిది ఉన్నాయి. ఆ మూల సాంచ కింద, నూలు పీచుకూ నూనె మరకలకూ మధ్య, రెండు కళ్లు మెరుస్తున్నాయి. ఆ కళ్లున్న కుక్క పేరు దొర. అసలు సిసలు కర్వాన్ వేట కుక్క. సన్నటి పొడుగు మూతి, లోతైన ఛాతీ, లోపలికి పోయిన కడుపు. పెళ్లికొడుకు.

పెళ్లికూతురు బిజిలి వాకిట్లో ఉంది. మెడకు ఎర్ర చున్నీ, నుదుట ఇంత పసుపు, ఇంత కుంకుమ. పెళ్లికొడుకు బయటికి రాక రెండు గంటలవుతుంటే విసుగొచ్చి ఆవులిస్తోంది.

"ఓ ప్రణీత బాపూ, ఇంకెంతసేపు వంగుతవ్? నడుం పట్టేస్తె నిన్ను గూడ గుంజాల్సస్తది" అంది గడపలో కూర్చున్న అతని భార్య శ్రీలత.

జలపతి లేవలేదు. లేస్తే ఏదో ఒకటి చెప్పాలి.

నాలుగేళ్ల కింద షార్జా వదిలి మల్లాపూర్ దగ్గరి ఊరికి తిరిగొచ్చినప్పుడు, అందరూ అతను కోరుట్లలో ఏ మొబైల్ షాపో పెడతాడనుకున్నారు. అతను నాలుగు కుక్కల్ని తెచ్చుకున్నాడు. అవైనా చూడటానికి దర్జాగా ఉన్నాయా అంటే, అదీ లేదు. కోరుట్లలో గల్ఫ్ పోయొచ్చిన వాళ్ల గేట్ల వెనక బొద్దుగా లాబ్రడార్లు ఫ్యాను కింద నాలుక వేలాడేసుకొని పడుకుంటాయి. జలపతి కుక్కల్ని చూసినవాళ్లు మాత్రం పక్కటెముకలు లెక్కపెట్టి, "తిండి పెడ్తలేవా ఏంది?" అని అడిగేవాళ్లు. ఇవి మన నేల మీద పుట్టిన కుక్కలనీ, ఎండకు ఓరుస్తాయనీ, పరుగెడితే కుందేలు కూడా ఆలోచనలో పడుతుందనీ అతను చెప్పేవాడు. వాళ్లు వినేవాళ్లు. విని, కొంచెం అన్నం పెట్టమని చెప్పి పోయేవాళ్లు.

రెండు వానాకాలాల కింద రోగమొచ్చి మూడు పోయాయి. బిజిలి ఒక్కతే మిగిలింది. దానికి తగిన మగకుక్క కోసం జలపతి తిరగని ఊరు లేదు. గొల్లపల్లిలో ఒకటుందంటే పోయాడు. మూతి కర్వాన్‌దే కానీ తోక జిలేబీలా చుట్టుకొని ఉంది. పెగడపల్లిలో చూసింది నిఖార్సయినదే. కానీ దానికి పళ్లు లేవు, పెళ్లిచూపుల మధ్యలోనే నిద్రపోయింది. మొన్న జగిత్యాల పశువుల దవాఖానలో డాక్టరమ్మ బిజిలిని పరీక్షించి కచ్చితంగా చెప్పింది. "దీనికి ఆరేండ్లు దాటినయ్. ఈ ఎదకు జత కట్టకుంటె ఇంక ఆశ పెట్టుకోకున్రి. ఇంక ఆలస్యమైతె ఈనేటప్పుడు పాణానికే ముప్పు."

ఇవాళ ఎదకొచ్చిన పన్నెండో రోజు. రేపటికి బిజిలి మనసు మారిపోవచ్చు. ఎల్లుండికి తప్పకుండా మారుతుంది. ఈ వంశం ఆ వాకిట్లో ఆవులిస్తున్న ప్రాణి దగ్గర ఆగిపోతుంది.

గోవర్ధన్ ఇంట్లో మాత్రం ఈ జాతి మూడు తరాలుగా నిలిచింది. అతని తాత ఊరి దొర గడీకి ధోవతులు నేసి ఇచ్చేవాడట. ఒకసారి ఏదో మెచ్చుకోలుగా వేట కుక్క పిల్లనొకదాన్ని ఇచ్చారట. తాత దాన్ని ఇంటికి తెచ్చి దొర అని పేరు పెట్టాడు. పొద్దున లేస్తే "దొరా, గడప దిగు", "దొరా, నోర్ముయ్" అనే సుఖం కోసం. ఆ సుఖం తండ్రికీ, కొడుక్కీ వచ్చింది. ఇప్పుడున్నది ఎన్నో దొరో గోవర్ధన్‌కే సరిగా తెలియదు.

పొద్దున కారు దిగగానే మర్యాదలు పెద్దఎత్తున జరిగాయి. మగకుక్క తన ఇంట్లోనే ధైర్యంగా ఉంటుంది కాబట్టి ఆడకుక్కనే తీసుకురావడం ఆనవాయితీ. పుట్టిన పిల్లల్లో మొదట ఏరుకునే హక్కు మగకుక్క వాళ్లది. ఆ మాట అనుకున్నాక గోవర్ధన్ జలపతిని బావా అనడం మొదలుపెట్టాడు. కార్ఖానా అంతా తిప్పి చూపించాడు. "గీ బటన్ నొక్కితె మోటరు తిరుగుతది బావా. గీ పిడి గుంజితె సాంచ నడుస్తది. పిల్లగాండ్లు గూడ నడుపుతరు." ఎనిమిది సాంచెలూ ఒక్కసారిగా మోగుతుంటే జలపతికి సగం మాటలు వినపడలేదు. అయినా తల ఊపాడు. దొర ఆ మోత మధ్యలో నాలుగు కాళ్లూ బార్లా చాపి, మహారాజులా నిద్రపోతోంది. బిజిలి వాసన తగలగానే లేచింది. ఒళ్లు విరుచుకుంది. చెవులు నిక్కబొడుచుకొని గడప దాకా వచ్చింది. అంతా శుభంగానే కనిపించింది.

అప్పుడు గోవర్ధన్ తల్లి శంకరవ్వ వచ్చింది. డెబ్బై ఏళ్లు దాటినా ఇంకా దారం కండెలు చుడుతుంది, ఇంటి మీద పెత్తనం మాత్రం ఎవరికీ అప్పజెప్పలేదు.

"ఏందిరా గీ టకటక? ఆడివిల్ల గడపల కాలువెట్టిన దినం సాంచెలు నడుపుతరా? బంద్ వెట్టు అన్నీ! లగ్గమయ్యెదాక ఒక్కటి గూడ తిరగద్దు."

పని చేసేవాళ్లను చాయ్ తాగి రమ్మని పంపేశారు. ఎనిమిది సాంచెలూ ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. శంకరవ్వ బిజిలికి బొట్టు పెట్టి, చున్నీ కట్టి, గుప్పెడు బియ్యం పట్టుకొని ఆలోచనలో పడింది. "ఒడిబియ్యం పోద్దమంటె దీనికి ఒడి ఏడున్నదే బిడ్డా?"

"నా ఒళ్లె పోయి పెద్దమ్మా, ఇంటికి పోయి వండి పెడ్త దానికి" అంది శ్రీలత, కొంగు పట్టి.

ఆ వాడలో సాంచెలు ఆగాయంటే రెండే కారణాలుంటాయి. కరెంటు పోవాలి, లేదంటే మనిషి పోవాలి. వాడ చివర సాంచెలు నడుస్తూనే ఉన్నాయి కాబట్టి కరెంటు ఉంది. ఎదురింటి ఓదెలు తువ్వాల భుజాన వేసుకొని, మొహం వీలైనంత దిగులుగా పెట్టుకొని వచ్చాడు.

"గోవర్ధనన్నా, సప్పుడు లేదేంది? ఎవలన్న పోయిండ్రా?"

"ఎవలు పోలేదురా. లగ్గమైతాంది" అంది శంకరవ్వ. "నీకు పిలుపు లేదు, పో."

ఓదెలు పోయాక చూస్తే పెళ్లికొడుకు గడప దగ్గర లేడు. అప్పటినుంచి సాంచ కిందే ఉన్నాడు.

గోవర్ధన్ పిలిచాడు. ఈల వేశాడు. కార్జం ముక్కలు చూపించాడు. చివరికి లుంగీ ఎగ్గట్టి తానే సాంచ కిందికి పాకాడు. దొర ఇంకా లోపలికి జరిగింది. గోవర్ధన్ వీపంతా నూనె పూసుకొని బయటికొచ్చాడు.

"ఎన్నడు గిట్ల చెయ్యలే బావా. ఒట్టు. మా వాడు పులి" అన్నాడు చేతులు దులుపుకుంటూ. అతని గొంతులో సంజాయిషీ కుక్క తరఫునే ఉన్నట్టు లేదు. అది సొంతానికి కూడా కొంచెం చెప్పుకుంటున్నట్టుంది. మగవాళ్లు ఇటువంటి చోట్ల కుక్కనూ తమనూ ఎందుకు కలిపేసుకుంటారో అని జలపతి అనుకున్నాడు. అనుకొని వెంటనే ఆ ఆలోచన వదిలేశాడు. అది తనవైపే తిరిగి చూస్తోంది.

"పులులకు సాంచ కింద ఏం పని తమ్మీ?" అంది శ్రీలత.

"మీ పిల్ల మరీ బక్కగున్నదక్కా. మా వాడు బుగులు పడ్డడు."

"బక్కగుండుడే దాని అందం. మీ వాని ఎముకలు మాకు కనవడ్తలేవా?"

"కొట్లాడకుండ్రి" అంది శంకరవ్వ. "పెండ్లిపిల్లగాడు కొత్త. మా ఆయన గూడ మొదటిరేత్రి ఇట్లనే గాదె ఎనుక కూసున్నడు. తెల్లారెదాక ఎలుకలను కొట్టిన అన్నడు."

శ్రీలత కొంగు నోట్లో కుక్కుకుంది. గోవర్ధన్ "అవ్వా!" అని అరిచి, గోడవైపు తిరిగి, ఆ గోడనే చాలాసేపు పరీక్షించాడు.

జలపతి నవ్వలేదు. కుక్కనే చూస్తున్నాడు. దాని చెవులు పదే పదే అటూ ఇటూ తిరుగుతున్నాయి, దేనికోసమో వెతుకుతున్నట్టు. ఏదో ఉండాల్సింది లేదు. ఉన్నదాన్ని చూసి భయపడితే చెవులు ఒకవైపే ఉంటాయి. లేనిదాన్ని చూసి భయపడితే ఎటు తిప్పాలో తెలియదు.

"పెద్దమ్మా, దొర యాడ పుట్టిండు?" అని అడిగాడు.

"గిన్నే. గా సాంచ పక్కకే, కండెల గంప ఎనుక ఈనింది వాని తల్లి. వీడు కండ్లు తెరిసింది గూడ గాడనే."

చాలు. మిగతాది జలపతికి ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ తెలిసినకొద్దీ అతని మెడ వేడెక్కడం మొదలుపెట్టింది.

పంతొమ్మిదేళ్లు అతను షార్జా క్యాంపులో ఎనిమిది మంది గదిలో పడుకున్నాడు. కిటికీకి బిగించిన ముసలి ఏసీకి చల్లదనం తక్కువ, మోత ఎక్కువ. మొదటి నెల దాన్ని బండబూతులు తిట్టాడు. తర్వాత అదొకటి ఉందన్న సంగతే మరిచిపోయాడు. మళ్లీ గుర్తొచ్చింది మొదటిసారి సెలవు మీద ఇంటికి వచ్చిన జనవరిలో. రెండేళ్లు రోజులు లెక్కపెట్టుకొని వచ్చిన మనిషి. తలుపు వేశాడు. లోపల ఏ చప్పుడూ లేదు. శ్రీలత గాజు ఒకటి కదిలితే ఊరంతా విన్నట్టనిపించింది. గోడ అవతల తల్లి మొగిలవ్వ దగ్గితే తన చెవిలోనే దగ్గినట్టుంది. మంచం అంచున, చేతులు తొడల కింద పెట్టుకొని కూర్చున్నాడు. సిగ్గూ వణుకూ ఒకేసారి. అలా వారం గడిచింది. శ్రీలత ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది, అడగకపోవడం వల్ల గది ఇంకా నిశ్శబ్దమైంది.

ఎనిమిదో రోజు, ఎందుకు చేస్తున్నాడో తనకే తెలియకుండా, మూలన దుప్పటి కప్పి పెట్టిన కూలర్ విప్పి, నీళ్లు లేకుండానే బటన్ నొక్కాడు. అది డొక్కు కూలర్. రేకులన్నీ ఒక్కసారిగా మోగాయి. చలికి శ్రీలత దుప్పటి గదుమ దాకా లాక్కొని అతన్ని చూసింది. కూలర్‌ను చూసింది. అప్పుడు నవ్వింది.

ప్రణీత అక్టోబరులో పుట్టింది.

తర్వాత ఏ సెలవులో వచ్చినా కూలర్ ముందే సిద్ధంగా ఉండేది. చలికాలంలో కూలరేందని చుట్టాలు అడిగితే "దోమలకు" అనేది శ్రీలత. ఇరవై ఏళ్లయినా ఆ మాట మార్చలేదు. ఇద్దరి మధ్యా ఆ సంగతి ఒక్కసారీ మాటల్లోకి రాలేదు.

జలపతి గొంతు సవరించుకున్నాడు. "పెద్దమ్మా, ఒకపారి సాంచెలు నడిపి చూద్దమా?"

శంకరవ్వ అతన్ని పైనుంచి కింది దాకా చూసింది. "ఏందీ?"

"అది ఆ సప్పుడులనే పుట్టింది గద. ఇప్పుడు సప్పుడు లేకపోయెసరికి..."

"గా మోతల ఎవలకన్న మనసొస్తదా కొడుకా? నీకొస్తదా?"

జలపతి ఎటు చూడాలో తెలియక దారపు కండెల వైపు చూశాడు. గడప దగ్గర శ్రీలత దగ్గింది. దగ్గు చాలా పొడుగ్గా సాగింది.

"నేనేమన్న అనరానిదన్ననా?" అంది శంకరవ్వ, ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ.

"లే పెద్దమ్మా, నూలు పీచు గొంతుల వడ్డది" అంది శ్రీలత.

గోవర్ధన్ గడియారం చూశాడు. "ఇయ్యాల వాని మనసు మంచిగ లేదు బావా. మళ్ల రేపు రాండ్రి. రేపు పొద్దుగాల్నె వానికి కోడి సూపు తాపిస్త."

రేపు. జలపతి వాకిట్లోకి చూశాడు. బిజిలి లేచి నిలబడింది. చున్నీ ఊడి ఒక కాలికి చుట్టుకుంది. కారు వైపు రెండడుగులు వేసి, ఆగి, ఒక్కసారి కార్ఖానా లోపలికి తిరిగి చూసింది. జతకు ఒప్పుకుంటున్నట్టు తోక ఇంకా పక్కకే ఉంది. రేపటికి కిందికి దిగిపోవచ్చు.

ఈ ముసలావిడకు కారణం చెప్పాలంటే కూలర్ సంగతి చెప్పాలి. కూలర్ సంగతి చెబితే ఇది సిరిసిల్లలో ఆగదు. కోరుట్ల బస్టాండు దాకా వస్తుంది, అక్కణ్నుంచి షార్జా క్యాంపు దాకా పోతుంది. చెప్పకపోతే, సిగ్గు పడే ఒక మనిషి వల్ల సిగ్గే తెలియని ఒక జాతి ఇక్కడితో ఆగిపోతుంది. చెప్పకుండా చేసే దారి ఒకటుంది. కానీ పరాయి వాళ్ల సాంచ మీద అడగకుండా చెయ్యి వేయడం, ఇంటివాళ్లు లేనప్పుడు వంటింట్లోకి పోవడం లాంటిది.

జలపతి లేచాడు. మోకాళ్లకు అంటిన పీచు దులుపుకున్నాడు. ఎవరి మొహమూ చూడకుండా మూల సాంచ దగ్గరికి నడిచాడు.

"ఎటు వోతున్నవ్ బావా?" అన్నాడు గోవర్ధన్.

ఆ నడకను శ్రీలత ఇంతకుముందు ఎన్నోసార్లు చూసింది. మెడ కొంచెం వంచి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మూల వైపు పోయే నడక. ఆమె గడప మీద వెనక్కి ఒరిగి, పళ్లు కనపడకుండా పెదాలు బిగించి, అతనికి మాత్రమే వినపడేంత మెల్లగా అంది.

"ఏందయ్యా, కూలర్ ఏస్తున్నవా?"

జలపతి చెవులు ఎర్రబడ్డాయి. బటన్ నొక్కి, పిడి గుంజాడు.