ఎక్కిన గేరు

ఆర్లిస్‌కు ఆటోమేటిక్ బండి అంటే ఒళ్ళుమంట. యాభై ఏళ్ళు క్లచ్ తొక్కి గేర్లు మార్చిన మనిషి ఆయన. కిందటేడు పాత డీజిల్ ట్రక్కు మూలన పడితే కొడుకు రాయ్స్ ఈ పెట్రోలు బండిని తెచ్చాడు. దాన్ని ముసలాయన ఏనాడూ ట్రక్కు అనలేదు, గోల్ఫ్ బండి అనే అన్నాడు. ఇప్పుడు తుంటి ఆపరేషనయ్యి, స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాక, ఆ గోల్ఫ్ బండిలోనే కోడలి పక్కన కూర్చోవాల్సి వచ్చింది. ఇంట్లో కూర్చోమంటే వినే రకం కాదు.

కోడలు ట్వైలా బడి ఉన్న రోజుల్లో లోయలో స్కూలు బస్సు నడుపుతుంది. ఇవాళ ఆమె వెనక పిల్లలు లేరు. ముప్పై అడుగుల ట్రైలరులో పదహారు ఆవులున్నాయి. బిగ్‌హార్న్ కొండల మీద వేసవి మేత అయిపోయింది, రాత్రికి మంచు పడుతుందని రేడియోలో చెప్పారు. రాయ్స్ పైన మందను పోగు చేస్తున్నాడు. చీకటి పడేలోగా రెండు విడతల్లో అన్నిటినీ కిందికి దించాలి. ఇది మొదటి విడత. ఇంత బరువుతో ఈ దారి దిగడం ట్వైలాకు ఇదే మొదలు. పొద్దున్నుంచి ఆమెకు మెతుకు దిగలేదు.

కనుమ మీద బండ్లు ఆపుకునే జాగాలో ఆగారు. ఆర్లిస్ కర్ర పొడుచుకుంటూ ట్రైలరు చుట్టూ తిరిగి, ఒక్కో చక్రాన్నీ తన్ని చూసి వచ్చాడు.

"ఏ గేరులో ఎక్కావు?" అన్నాడు.

ఎక్కిన గేరులోనే దిగాలి, అప్పుడే బ్రేకులు కాలకుండా ఇంజనే బరువును పట్టి ఉంచుతుంది. ఆ కొండల్లో అది బైబిలు వాక్యంతో సమానం. పెళ్ళినాడు కూడా మామగారు కోడలికి చెప్పిన ముక్క అదే.

"నేను వెయ్యలేదుగా, అదే వేసుకుంది. తెర మీద మూడు కనబడింది."

"అయితే మూడు."

"మేతబయలు నుంచి ఇక్కడికి ఎక్కుడు ఏపాటి, చిన్న ఎక్కుడు. అటువైపు నిట్టదిగుడు. రెండులో పెడతాను, ఆర్లిస్."

పెద్దవాళ్ళని పేరుపెట్టి పిలవడం ఆ లోయలో తప్పు కాదు, మాటకు అడ్డం చెప్పడమే తప్పు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "బస్సు బొత్తాలు నొక్కేవాళ్ళకి నేను చెప్పేదేముందిలే," అన్నాడు.

ఆమె మీటను, గేరు చేత్తో మార్చుకునే చోటికి లాగి, దాని పక్కనున్న బొత్తంతో రెండు పెట్టి, దిగడం మొదలుపెట్టింది. మొదటి మలుపు తిరిగేసరికే ఇంజను ఊళ పెట్టింది. ఇంజను చుట్లు చూపే ముల్లు నాలుగు వేల దగ్గర ఆడుతోంది. పెట్రోలు ఇంజనుకు అదొక లెక్క కాదు, ఎర్రగీత అయిదున్నర వేల దగ్గర గాని మొదలవదు. కాని డీజిల్ చెవులకు మూడు వేలు దాటితే చావుకేక.

"చంపుతున్నావు దాన్ని. రాడ్డు ఊడి బయటికొస్తే రాయ్స్‌కి నువ్వే చెప్పుకో."

"ఏం కాదు."

"పాపం, ఎట్లా ఏడుస్తుందో విను. ఆవు ఈనేటప్పుడు కూడా ఇట్లా అరవదు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో ఎంతసేపని వాదిస్తుంది? నిజం చెప్పాలంటే ఆ అరుపుకు ట్వైలా గుండె కూడా పీకుతోంది. పక్కన ఆ గొణుగుడు, చెవుల్లో ఈ గోల. బొత్తం పైకి నొక్కి మూడు వేసింది. ఇంజను సద్దుమణిగింది. ఆర్లిస్ టోపీ సర్దుకుని, "అద్దీ," అన్నాడు.

ఇంజను నోరు మూసుకోగానే బరువు నోరు తెరిచింది. నలభై మైళ్ళ వేగం నలభై ఎనిమిదైంది. బ్రేకు తొక్కింది, తగ్గింది, వదిలింది, మళ్ళీ పెరిగింది. మూడు మైళ్ళు అలా తొక్కుతూ వదులుతూ వచ్చింది. నాలుగో మైల్లో కాలిన వాసన లోపలికి వచ్చింది. అద్దంలో చూస్తే ట్రైలరు చక్రాల దగ్గర సన్నగా పొగ. వేగం ముల్లు యాభై ఎనిమిది చూపిస్తోంది.

రెండు కోసం బొత్తం కిందికి నొక్కింది. బండి కీచుమంది. తెర మీద మూడు మిణుకుమంది, మూడుగానే ఉండిపోయింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ కీచు.

"ఏంటది?"

"వెయ్యనంటోంది. ఈ వేగంలో రెండు వేస్తే ఇంజను పగిలిపోతుందని ఒప్పుకోవట్లేదు."

ఆర్లిస్ తన వైపు అద్దంలో పొగ వంక చూశాడు. తర్వాత మెల్లగా, "ఒక మైలులో రాళ్ళదారి వస్తుంది. అందులోకి పోనియ్," అన్నాడు.

బ్రేకులు పోయిన బండ్ల కోసం పక్కకు తీసి, గులకరాళ్ళు గుట్టగా పోసిన దారి అది. అందులో దూరితే బండి నిలుస్తుంది. నిలవని ఆవులు ఒకదాని మీద ఒకటి పడి ముందున్నవి నలిగి చస్తాయి.

"ఆవులో?"

పదహారింటికీ పేర్లు పెట్టింది ఆయనే.

ట్వైలాకు బస్సు నేర్పినావిడ దిగుడులో చెప్పిన మాట గుర్తొచ్చింది: నాకినట్టు తొక్కితే బ్రేకు కాలుతుంది, తొక్కితే ఒక్కసారే తొక్కు, వేగం చంపు, గేరు దించు, కాలు తీసెయ్. ఈ బ్రేకుల్లో ఇంకొక్క తొక్కుడు మిగిలుందో లేదో తెలియదు. తేల్చుకుంటే రాళ్ళదారికి ముందే తేల్చుకోవాలి. అది దాటాక తేల్చుకోవడానికి లోయ తప్ప ఏమీ లేదు.

"గట్టిగా పట్టుకోండి."

రెండు కాళ్ళూ పెట్టి తొక్కింది. పెడలు మెత్తగా లోపలికి పోయింది. యాభై ఆరు. యాభై మూడు. వెనక ఆవులు అంబా అని ముందుకు తూలాయి. యాభై రెండు, నొక్కింది, కీచు. కుడిపక్క రాళ్ళదారి నోరు కనబడుతోంది. నలభై తొమ్మిది. నలభై ఆరు. నొక్కింది.

బండిని వెనక నుంచి ఎవరో పట్టి లాగినట్టయింది. తెర మీద రెండు. ఇంజను ఒక్కసారిగా కేక పెట్టింది, చుట్ల ముల్లు ఎగిరి అయిదు వేల దగ్గర పడింది.

ఆర్లిస్ ఎడమచెయ్యి మీట మీదికి వచ్చింది. బొత్తం పైకి నొక్కడానికే వచ్చింది. బుర్ర పంపిన చెయ్యి కాదు, యాభై ఏళ్ళ అలవాటు పంపిన చెయ్యి.

ట్వైలా దాని మీద ఫట్‌మని కొట్టింది.

బ్రేకు మీంచి కాళ్ళు తీసేసింది. రాళ్ళదారి కుడిపక్కన జారిపోయింది. ఇక ఏదీ లేదు. నలభై ఆరు. నలభై ఏడు. నలభై ఎనిమిది. ఆమె వేగం ముల్లునే చూస్తోంది. నలభై ఎనిమిది. మలుపు వచ్చింది, పోయింది. నలభై ఎనిమిది. నలభై ఏడు.

మిగిలిన అయిదు మైళ్ళూ ఆ ఇంజను అరుస్తూనే ఉంది.

కింద చదునులో ఆపాక ట్వైలా స్టీరింగు మీంచి వేళ్ళు తియ్యలేకపోయింది. ఒక్కొక్కటే విప్పుకుంది. ఆర్లిస్ దిగి, పలకల సందుల్లోంచి ఆవుల్ని లెక్కపెట్టాడు. పదహారూ నిలబడే ఉన్నాయి. బానెట్ దగ్గరికి వచ్చి చెవి ఒగ్గాడు. ఇంజను పిల్లిలా గురగురలాడుతోంది.

"చెయ్యి కొట్టాను. తప్పయింది," అంది ట్వైలా.

ఆయన ఎర్రబడిన చెయ్యి వంక చూసుకున్నాడు. "ఈ చక్రాలు గంటన్నా చల్లారాలి," అన్నాడు, అంతే.

మధ్యాహ్నం రెండో విడత ఆవులతో మళ్ళీ కనుమ మీద ఆగారు. ఉత్తరాన మబ్బు నల్లబడుతోంది. ఆర్లిస్ చక్రాలు తన్ని వచ్చి, ఎక్కి కూర్చుని, బెల్టు పెట్టుకున్నాడు. ఏ గేరులో ఎక్కావని అడగలేదు.

ఆమె రెండు పెట్టింది. మొదటి మలుపులో ఇంజను ఊళ మొదలుపెట్టింది. ట్వైలా ఓరగా చూసింది. ముసలాయన దవడలు బిగించి, రోడ్డునే చూస్తున్నాడు. ఎడమచెయ్యి తొడ కింద పెట్టుకుని, దాని మీద బరువంతా వేసి కూర్చున్నాడు.