ఆశమ్మ పంపిన గెల

వ్యవసాయ డిగ్రీ ముగించి, అగ్రికల్చర్ ఆఫీసర్ పరీక్షకు అశోక్‌నగర్‌లో గది తీసుకుని చదువుతున్న రోజులవి. తొంభై ఆరు, వానాకాలం. పక్కనే లేస్తున్న బిల్డింగులో ఇటుకలు మోసే కురుమయ్య నన్ను అప్పుడే 'సారు' అనేవాడు. ఆ పిలుపు నాకు తలకెక్కింది, దాచడమెందుకు.

ఒక పొద్దున చిక్కడపల్లి లైబ్రరీకి బయల్దేరుతుంటే గేటు దగ్గర ఆపాడు. చేతిలో ఆముదం గెల.

"జర దీన్ని చూడు సారు. మా చేనుల మచ్చలొచ్చినయంట. మా ఇంటామె పంపింది. పాలమూరు నుంచి మావోళ్ళ చేతుల మూడు దినాలకు వచ్చింది."

గెల నిండా బూడిదరంగు బూజు. నారాయణగూడలో కొన్న పుస్తకంలో అచ్చం అదే బొమ్మ. నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

"బూజు తెగులు," అన్నాను. "మందు కొట్టినా లాభం లేదు. గెలలన్నీ కోసి కాల్చేయాలె. ఒక్కటి మిగిలినా ఊరంతా అంటుకుంటది."

కురుమయ్య మొహం పాలిపోయింది. "రెండెకరాలు సారు. ఈ పంట చేతికొస్తే ఇగ పట్నం రానని ఆమెకు మాటిచ్చిన."

నేను వాచీ చూసుకున్నాను. ఆ సాయంత్రమే అతను ఊరికి పోయే మనిషితో కబురు పంపాడు.

పదిహేను రోజులకు అదే బిల్డింగు ముందు ఒకామె ఇసుక జల్లెడ పడుతూ కనిపించింది. కురుమయ్య భార్య ఆశమ్మ. నన్ను చూసి లేచి దండం పెట్టింది.

"నువ్వేనా సారు చెప్పింది? అన్నీ కాల్చినం."

"బూజు చేనంతా పట్టిందా?"

"బూజు యాడుంది సారు? గెలలు పచ్చగ మంచిగుండె. ఆకుల మీద జర మచ్చలు, అంతే. నీ కంటికి కనపడ్డది మాకు కనపడలే."

"మరి నాకు పంపిన గెల?"

"అది గూడ మంచిదే, మచ్చలు గెలకు గూడ అంటుకుంటయా అని అడుగుదమని. దారిల వాడిపోతదని తడిబట్ట చుట్టి, కవర్ల గట్టిగ కట్టి పంపిన."

మూడు రోజులు తడిబట్టలో, గాలాడని కవర్లో. పాచిపోయిన అన్నానికి పట్టినట్టు పట్టింది బూజు. తెగులు చేనులో లేనే లేదు. పచ్చటి పంటను నేనే కాల్పించాను.

చెప్పేద్దామనుకున్నాను. నా అంత పిరికివాడు లేడు.

ఆశమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అయినా గొంతులో ఏదో గర్వం. "చుట్టుపక్కలోళ్ళ ఆముదాలు మంచిగున్నయి సారు. మేం కాల్చబట్టే ఊరు బతికింది. నీ పున్నెమే."