మనం పోయొస్తాం

ఆళ్లగడ్డ శిల్పుల వీధిలో పని ఉదయం ఆరున్నరకు మొదలవుతుంది. ముందు కోత మిషన్ల చప్పుడు, తర్వాత సుత్తి దెబ్బలు, ఆ తర్వాత టీ. ఎనిమిదింటికల్లా అందరి కనురెప్పలూ రాతిపొడితో తెల్లబడతాయి. నరసింహులు షెడ్డులో ఆరుగురు పనిచేసేవాళ్లు. ఏడో మనిషిగా జనవరిలో ఇలోనా వచ్చింది. ఇరవై రెండేళ్ల పిల్ల. హంగరీలో శిల్పం చదువుతోంది. ఒక సెమిస్టరు నరసింహులు ఇంట్లో ఉండి రాతిపని నేర్చుకుని జూన్‌లో వెళ్లిపోవాలి.

"ఇలోనా యాడుండాది?" అని ఎవరైనా అడిగితే "ఇంట్లోనా" అని చెప్పేవాళ్లు. ఆ జోకును వీధి మొత్తం ఐదు నెలలు వాడింది.

మొదటి రోజే నరసింహులు ఆమెకు ఒక సంగతి చెప్పాడు. "ఈ షెడ్డులో నేను చెక్కినా అనే మాట లేదు పాపా. కాళ్లొకరు, మొగమొకరు, నగలొకరు. బొమ్మ కింద ఎవరి సంతకమూ ఉండదు. మనం చెక్కినాం అనాల."

ఇలోనా దాన్ని పని పద్ధతి అనుకోలేదు, వ్యాకరణం అనుకుంది. ఆ రోజు నుంచి ఆమె తెలుగులో 'నేను' లేదు. మనకు తలనొప్పి. మనం స్నానం చేస్తాం. మన చెప్పు తెగింది. నరసింహులు భార్య సుబ్బలక్ష్మమ్మ దిద్దేది.

"మనం గాదు అమ్మీ, నేను. నీళ్లు పోసుకునేది నువ్వొక్కదానివే గదా!"

ఇలోనా బుద్ధిగా తలూపేది. మరుసటి పూట మళ్లీ "అమ్మా, మనకు ఆకలి" అనేది. నరసింహులు నవ్వేవాడు. "పోనీలేమే. ఆ పిల్లకు ఒంటిగా ఉండడం రాదు."

బయటికి వెళ్లేటప్పుడు అనాల్సిన మాట మాత్రం ఆమె తొందరగానే నేర్చుకుంది. పోతా అనకూడదు, పోయొస్తా అనాలి. ఇది తెలుగువాళ్లు ఉన్న ప్రతిచోటా ఉన్న మర్యాదే. ఆ వీధిలో మాత్రం గడప దాటుతూ ఆ మాట అన్నవాళ్లు తప్పకుండా తిరిగొస్తారు. ఏ స్థితిలో వస్తారనేది వేరే విషయం.

ఎదురింటి కమలాక్షమ్మ భర్తను పదేళ్ల కిందట పొలం గట్టు మీద నరికారు. పొద్దుగూకే లోపల ఆయన నడిచి ఇంటికొచ్చి, గడప లోపల కాలు పెట్టి, పడిపోయాడు. కుడిచెయ్యి ఆ రోజు రాలేదు. మర్నాడు మొదటి బస్సులో వచ్చింది. కండక్టరు దాన్ని పేపర్లో చుట్టి ఇంటికి తెచ్చిచ్చాడు. టికెట్టు కొట్టలేదు.

వీధి చివర అన్నదమ్ములు ఇద్దరు ఒకసారి "పోయొస్తాం" అని కలిసి బయల్దేరారు. అన్న హైదరాబాదు బస్సెక్కాడు. తమ్ముణ్ని బస్టాండు వెనక పట్టుకుని గొంతు సగం కోశారు. అతను ఇంటిదాకా వచ్చాడు గానీ గడప లోపలికి కాలు పడలేదు. కలిసి మాటిచ్చి పోయినవాళ్లు కలిసే లోపలికి రావాలి. మూడు రోజులు అరుగు మీద కూర్చుని బీడీలు కాల్చాడు. పొగ గొంతు గాటులోంచి వచ్చేది. మూడో రోజు అన్న తిరిగొచ్చాడు. ఇద్దరూ గడప దాటారు. మాట తీరింది కాబట్టి తమ్ముడు అక్కడే కూలిపోయాడు. పాడె ముందే కట్టి పెట్టారు.

నరసింహులు చావుకు కారణం నాలుగు పేర్లు. హత్యకు గురైన ఒక రైతు విగ్రహం చెక్కమని అతని కుటుంబం అడిగింది. దిమ్మె మీద చంపినవాళ్ల పేర్లు, తండ్రుల పేర్లతో సహా రాయమంది. నరసింహులు చెక్కాడు. మొదటి పేరు రాజశేఖర్. తర్వాత కోర్టు ఆ కేసు కొట్టేసింది. ఫిబ్రవరిలో రాజశేఖర్ ముగ్గురు మనుషులతో షెడ్డుకొచ్చాడు.

"కోర్టే కొట్టేసిందప్పా. నువ్వు గూడా రాయి మీద కొట్టెయ్."

"చెక్కింది తీస్తే ఆడ గుంత పడ్తాది" అన్నాడు నరసింహులు ఉలి దించకుండానే. "అప్పుడు ఆ గుంతే నీ పేరైతాది. ఇంగా దూరం నుంచి కనపడ్తాది."

మార్చి పదకొండున నరసింహులు "పోయొస్తా" అని నంద్యాలకు బయల్దేరాడు. శిరివెళ్ల మెట్ట దగ్గర బస్సు ఆపి, దింపి, వేటకొడవళ్లతో నరికారు. మెడ మీద రెండు, కడుపులో ఒకటి, వీపున ఏడు. నరసింహులు లేచి రోడ్డు మీద ఎడమపక్కగా నడుస్తూ ఆళ్లగడ్డకొచ్చాడు. లారీలు పక్కకు తప్పుకున్నాయి. సగం దారిలోనే రక్తం అయిపోయింది. గడప బయట నిలబడి చెంబెడు నీళ్లడిగాడు. తాగిన నీళ్లు కడుపు గాటులోంచి మెట్టు మీద పడ్డాయి. ఇలోనా పక్కనే ఉలికి సాన పడుతూ ఉంది. "మొన వంగింది, చూస్కో పాపా" అని, గడప దాటి పడిపోయాడు. సుబ్బలక్ష్మమ్మ, ఇలోనా కలిసి పొద్దుగూకే దాకా ఇల్లు కడిగారు.

నరసింహులు కొడుకు మనోజ్ పనిలో తండ్రికి తీసిపోడు. తండ్రి విగ్రహం చెక్కి, దాని దిమ్మె మీద అవే నాలుగు పేర్లు చెక్కి, మే నెల మధ్యలో వీధి మొగదల నిలబెట్టాడు. రాజశేఖర్ నుంచి కబురొచ్చింది: "వీని బొమ్మ ఎవరు చెక్కుతారో చూస్తాం." ఆ తర్వాత మనోజ్ వీధి దాటలేదు. ఇల్లు దాటి షెడ్డుకు పోయేటప్పుడు కూడా "పోతాండా" అనేవాడు. తల్లి ఏడ్చేది.

"ఆ ఒక్క మాటకు నీ నోరు అరిగిపోతాదా నాయనా?"

"నాయన వచ్చినట్ల నేను రాను మా. నేను వచ్చి కూలబడ్తే నువ్వు నీళ్లు కొట్టి ఇల్లు కడుక్కోవాల్నా? పోతే ఆడ్నే పోతా."

జూన్ ఆరున ఇలోనా ప్రయాణం. నంద్యాలలో మధ్యాహ్నం రైలు, బెంగళూరులో విమానం. ఉదయం నుంచి వీధిలోని ఆడవాళ్లు వచ్చి ఒకరు చీర, ఒకరు మామిడికాయ పచ్చడి ఇచ్చిపోయారు. షెడ్డువాళ్లు ఆమె వాడిన సుత్తి ఇచ్చారు. "పచ్చడి సుత్తికి తగలకుండా పెట్టుకో పాపా, మీ ఊర్లో బొమ్మలకు కారం పట్టుకుంటాది" అన్నాడొకడు. ఆమె కాలేజీ మార్కుల కాగితం మీద గురువు సంతకం కావాలి. మనోజ్ తలడ్డంగా ఊపాడు, ఈ షెడ్డులో ఎవరూ సంతకం పెట్టరు. చివరికి సుబ్బలక్ష్మమ్మ అరచేతికి రాతిపొడి అద్దుకుని కాగితం మీద అచ్చు వేసింది.

ఆటో తోలే గోస్పాడు యెషయా పదకొండింటికి వచ్చాడు. మనోజ్ పెట్టె ఎత్తుకున్నాడు.

"యాడికి?" అంది తల్లి.

"స్టేషన్‌కు. గురువు ఉండింటే ఆయనే సాగనంపుతాండె. ఇప్పుడు నేనేగదా."

"యెషయా దింపొస్తాడు. నువ్వొద్దు."

"పెట్టె ముప్పై కేజీలుండాది మా. అన్నీ రాళ్లే ఏసుకునింది."

"అయితే ఆ మాట అని బయల్దేరు."

మనోజ్ ఆ మాట అనకుండానే పెట్టె భుజానికి మార్చుకున్నాడు. ముందు అతను గడప దాటాడు. వెనక ఇలోనా. పెరుగన్నం డబ్బా మర్చిపోయిందని సుబ్బలక్ష్మమ్మ పరుగున వచ్చి, తనూ మెట్టు దిగింది. ఇలోనా డబ్బా అందుకుని, వంగి ఆమె పాదాలు ముట్టుకుంది. ఇలోనాకు ఏడుపొస్తోంది. ఐదు నెలల అలవాటు నోట్లోంచి వచ్చేసింది.

"అమ్మా, మనం పోయొస్తాం."

సుబ్బలక్ష్మమ్మ దిద్దబోయింది. రైలుకు టైమవుతోందని ఊరుకుంది. "పోయిరా తల్లీ" అంది.

ఆటో వీధి మలుపు తిరిగాక ఆమె లోపలికి పోబోయింది. కాలు గడప మీద ఆగిపోయింది. ఇంకో కాలు ఎత్తి చూసింది. అదీ పడలేదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. ఆమె మెట్టు మీద కూలబడి కమలాక్షమ్మను కేకేసింది.

"పోయి ఆ పాలు దించుమే. నేను లోపలికి రాలేను. ఆ పిల్ల మనం అనె."

కమలాక్షమ్మ పాలు దించి వచ్చి పక్కన కూర్చుంది. "మనం అంటే మనోజూ ఉండాడు గదా అందులో?"

"ఉండాడు."

"అయితే వస్తాడు పోనీ."

ఎట్లా వస్తాడనే మాట ఇద్దరూ ఎత్తలేదు.

జరిగింది యెషయా చెప్పాడు. ఇలోనా రైలెక్కింది, కిటికీలోంచి చెయ్యూపింది. తిరిగొస్తుంటే నంద్యాల దాటి ఆరు కిలోమీటర్లకు, ఒక వడ్లమిల్లు దగ్గర జీపు అడ్డం పెట్టారు. టైము ఒకటీ యాభై. ఐదుగురు. ఆటో అద్దం పగలగొట్టి మనోజ్‌ను జుట్టు పట్టి కిందికి లాగారు. పదహారు వేట్లు. ఒక వేటు తలమీద పడి కొడవలి ఇరుక్కుపోతే, మెడ మీద కాలు పెట్టి ఊడబెరికారు. చేతులు నరికితే బొమ్మలు చెక్కలేడని రెండు మణికట్ల మీదా వేశారు. ఎముక తెగలేదు. కొడవలి మొన విరిగింది. పొట్టులో ముఖం తొక్కి, చచ్చాడనుకుని వెళ్లిపోయారు.

"నేను పొట్టు బస్తాల వెనక దాంకున్నాక్కా" అన్నాడు యెషయా తలదించుకుని. "వాళ్లు పోయినంక చూస్తే లేసి కూచునుండాడు. 'టైరు బాగుండాదా అప్పా?' అని అడిగె."

నాలుగింటికి మనోజ్ ఆటో దిగాడు. తలలో బొటనవేలు పట్టేంత సందు. రక్తం అయిపోయి గాట్ల అంచులు గ్రానైటు కోతల్లా నున్నగా ఉన్నాయి. గడప దగ్గరికి పోయి కాలెత్తాడు. పడలేదు. మెట్టు మీద తల్లి ఉంది.

"నువ్వేందిమా బయట కూచునుండావ్?"

"నన్ను గూడా కలిపింది నాయనా ఆ పిల్ల" అని, కొడుకు తల ఒళ్లో పెట్టుకుని పొట్టు ఏరడం మొదలుపెట్టింది.

నంద్యాలలో ఒక డాక్టరు పదహారు చోట్లా కుట్లు వేసి, నాడి మూడుసార్లు చూసి, చేతులు కడుక్కున్నాడు. తల్లీకొడుకులు ఇంటి ముందున్న షెడ్డులోనే ఉండిపోయారు. రేకుల కింద పొయ్యి పెట్టారు. కమలాక్షమ్మ రోజూ ఇంట్లోకి పోయి నరసింహులు ఫోటో ముందు దీపం వెలిగించి, బియ్యం కొలిచి తెచ్చిచ్చేది. ఇంటి తలుపు తీసే ఉండేది. సుబ్బలక్ష్మమ్మ దాని ఎదురుగా కూర్చుని కూర తరుగుకునేది. మంచం కనపడేది, పోయి పడుకునే దారి లేదు.

జులైలో షెడ్డు మీద రెండు నాటుబాంబులు వేశారు. రేకులు లేచిపోయాయి, తర్వాత మళ్లీ వేసుకున్నారు. మనోజ్ ఎడమ చెవి తెగి రాతిపొడిలో పడింది. అతను దాన్ని వెతికి, దులిపి, చొక్కా జేబులో వేసుకుని మళ్లీ పనికి కూర్చున్నాడు. ఆ సంగతి చుట్టూ తెలిసింది. ఆగస్టుకల్లా పదకొండు ఊళ్ల నుంచి, భర్తల్నో కొడుకుల్నో పోగొట్టుకున్నవాళ్లు వచ్చారు. మాకూ పేర్లు చెక్కిపెట్టమని అడిగారు. చావని మనిషి దగ్గర ఆ పని చేయించుకోవడమే మంచిదన్నారు. మనోజ్ ఒక్కో దిమ్మె మీద పేర్లు చెక్కాడు, తండ్రుల పేర్లతో సహా.

రాజశేఖర్ తెలివైనవాడు. కొడవళ్లు పక్కన పెట్టి, ఆ రోజు గడప దగ్గర ఎవరేమన్నారో వీధిలో ఒకరిద్దర్ని అడిగించాడు.

సెప్టెంబర్ పద్నాలుగున, పొద్దున పదింటికి ఫోన్ మోగింది. ఇలోనా.

"అమ్మా! మనకు పరీక్షలు పాసైనాయి. నీ చెయ్యి చూసి మా సార్లు చాలా మార్కులు ఇచ్చినారు!"

"మంచిది తల్లీ. తింటాండావా?"

"ఇంకొకటి ఉంది. మనం వస్తాండాం! నంద్యాల నుంచి ఎవరో పెద్దమనిషి అంట, పేరు చెప్పలేదు, టికెట్ పంపినాడు. విమానం టికెట్. పోనూ రానూ. నంద్యాలలో శిల్పాల పండగ ఉందంట. శుక్రవారం ఎక్కుతాం!"

షెడ్డులో సుత్తి చప్పుడు ఆగింది. మనోజ్ తలెత్తి తల్లిని చూశాడు. వద్దనలేదు, రమ్మననూ లేదు. చొక్కా మీద రాతిపొడి దులుపుకున్నాడు.

సుబ్బలక్ష్మమ్మ ఎదురుగా ఉన్న ఇంటిని చూసింది. ముప్పై ఐదేళ్లు కాపురం చేసిన ఇల్లు. ఆ పిల్ల వస్తే ముగ్గురూ కలిసి లోపలికి పోవచ్చు. తన మంచం మీద తను పడుకోవచ్చు. గడప దాటగానే కొడుకు పడిపోతాడు.

ఎవరినీ పో అనని వీధి అది. రావద్దు అనే మాట ఆ వీధిలో ఇంతవరకూ ఎవరూ అనలేదు.

"రావద్దు అమ్మీ" అంది సుబ్బలక్ష్మమ్మ.

"ఏందమ్మా?"

"రావద్దు. ఈసారి గాదు, ఎప్పుడూ రావద్దు. ఆ టికెట్టు చించెయ్."

"ఎందుకు? మనం పోయొస్తాం అన్నాం కదా."

"అంటివి. అందుకే."

నరసింహులు నడిచొచ్చిన రోజు ఇల్లు కడిగిన పిల్ల ఆమె. అన్నీ తెలుసు.

"మనోజ్‌కు ఎన్ని దెబ్బలు అమ్మా?"

"పదహారు. ఒక చెవి."

"పని చేస్తాండాడా?"

"చేస్తాండాడు."

ఫోన్‌లో ఏడుపు వినిపించింది. "తప్పు మనది... తప్పు నాది అమ్మా. నేను అనాల్సింది. నేను పోయొస్తా అనాల్సింది."

ఐదు నెలలు దిద్దినా రాని 'నేను' ఇప్పుడు సరిగ్గా వచ్చింది. సుబ్బలక్ష్మమ్మకు అది చెవిలో రాయి పడినట్టు అనిపించింది.

"ఆ మాట అనగాకు తల్లీ" అంది. "మనమే. నువ్వు ఆడ ఉండినా మనమే. ఇంగ పో."

ఫోన్ పెట్టేసి, రేకుల కింద ఇంటికి వీపు పెట్టి కూర్చుంది. ఎదురుగా సుత్తి చప్పుడు మళ్లీ మొదలైంది.