మూతతో సహా

కోడలి సంచి అత్తగారే సర్దుతోంది. మూడు జతల బట్టలు, మోకాళ్ళదాకా వచ్చే రబ్బరు బూట్లు, దోమల మందు, టార్చిలైటు, ఊలు శాలువా. ఒక్కొక్కటే పెట్టడం, మళ్ళీ తీసి మడత సరిచేసి పెట్టడం. ఆవిడ చేతులకి ఆ పని కొత్త కాదు. ఊహ తెలిసినప్పటినుంచీ ఎవరో ఒకరు వెళుతూనే ఉన్నారు, ఆవిడ సర్దుతూనే ఉంది.

ఆవిడకో పిచ్చి ఉంది. ఎవరు ప్రయాణమైనా వాళ్ళ సంచిలో ఇంట్లోని ఏదో ఒక డబ్బా మూత పెడుతుంది. డబ్బా ఇక్కడ, మూత వాళ్ళతో. మూత లేని డబ్బా ఎందుకూ కొరగాదు, డబ్బా లేని మూతా అంతే, కాబట్టి మనిషి తిరిగి రాక తప్పదని ఆవిడ నమ్మకం. ఇది ఎవరూ నేర్పింది కాదు. చిన్నప్పుడు అక్క పెళ్ళయి వెళుతుంటే ఉప్పుడబ్బా మూత పొరపాటున ఆమె సామానులో కలిసిపోయింది. నెల తిరక్కుండా అక్క ఆ మూత పట్టుకుని నవ్వుతూ గుమ్మంలో దిగింది. అదొక్కటే ఆధారం. రెండోసారి ఆ మూత ఆవిడే కావాలని పెట్టింది. ఈసారి మూతా రాలేదు, అక్కా రాలేదు. ఆ తర్వాత ఓడలో పనికి వెళ్ళిన తమ్ముడు. ఆ తర్వాత, రెండు రోజుల్లో వచ్చేస్తానని ఆసుపత్రికి వెళ్ళిన భర్త. వంటింటి పై అరలో మూతల్లేని డబ్బాలు వరసగా ఉంటాయి. కొడుకు వాటిని "అమ్మ మ్యూజియం" అంటాడు. పారేస్తానంటే మాత్రం ఆవిడ ఊరుకోదు.

కోడలు వెళుతున్నది నాలుగు నెలలకి. ఆమె పని చేసేది పాడైపోయిన అడవుల్నీ చిత్తడి నేలల్నీ బాగుచేయించే ఒక చిన్న సంస్థలో. బాగుచేయడం అంటే ముందు మనుషుల్ని ఒకచోటికి చేర్చడం. డబ్బున్నవాళ్ళనీ, అధికారం ఉన్నవాళ్ళనీ, ఆ నేలమీద బతికేవాళ్ళనీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టి, లేచి వెళ్ళిపోకుండా చూడటం. ఆఫీసులో ఆమెని "జిగురు" అంటారట. పొగడ్తగానే అంటారు. అయితే ఆ బల్ల దగ్గర టీలు అందించేదీ జిగురే, చివర్లో అందరికీ ఫొటో తీసేదీ జిగురే. అందుకే సంస్థ వేసే ఏ పుస్తకం అట్టమీదా ఆమె మొహం కనిపించదు. కొడుకు ఆ పేరునే తిప్పి అంటాడు: "ఊళ్ళోవాళ్ళందర్నీ అతికిస్తావు, నా చొక్కా గుండీ మాత్రం వారంనుంచి వేలాడుతోంది."

అత్తగారికి ఆ చిత్తడి నేల గురించి తెలిసిందంతా వంటింట్లోనే. ఆవిడ బడికి వెళ్ళలేదు. సరుకులు చుట్టి వచ్చిన కాగితాలు చూసి చదువు నేర్చుకుంది. అందుకే ఆవిడకి తెలిసిన కథలకి మొదలుంటే చివర ఉండదు, చివరుంటే మొదలుండదు. భర్త చూసినప్పుడల్లా, "చదివి ఎవర్ని ఉద్ధరిస్తావు? అక్కడ పాలు పొంగుతున్నాయి చూడు" అనేవాడు. ఆయన ఒక్కసారి కూడా లేచి మంట తగ్గించలేదు. కోడలు వచ్చాక సంగతి మారింది. ఆమె కూరలు తరుగుతుంటే అత్తగారు పొయ్యి పక్కన స్టూలు వేసుకుని, ఆమె రాసిన కాగితాలు వేలు పెట్టి పైకి చదివేది. ఎక్కడైనా ఆగితే కోడలు కత్తి పక్కన పెట్టేసేది.

"అర్థం కాలేదా అత్తయ్యా? అయితే నేనే సరిగ్గా రాయలేదన్నమాట. మళ్ళీ రాస్తా."

తనకి అర్థం కాకపోతే తప్పు ఎదుటివాళ్ళదని ఆవిడ జీవితంలో అన్న మొదటి మనిషి కోడలే. ఆ మాట విన్నరోజు ఆవిడ స్నానాలగదిలోకి వెళ్ళి, కుళాయి విప్పి, కాసేపు ఊరికే నిలబడింది.

అలాగే చదువుతూ ఒకరోజు ఒక వాక్యం దగ్గర ఆగింది. కూల్‌డ్రింకుల కంపెనీ వాటా డబ్బు. నీటిశాఖ వాటా కాలువ తవ్వకం. ఒడ్డున రెల్లు నాటి, కలుపు తీసి, గట్టు కాసే ఆడవాళ్ళ వాటా శ్రమ.

"ఇదేమిటే, పని కూడా వాటాయేనా?"

"వాటాయే అత్తయ్యా. మూడూ సమానం. వాళ్ళు పని ఆపితే కంపెనీ డబ్బూ ఆగిపోతుంది. మొదట్లో ఆ వాటా మగవాళ్ళ పేర్న రాద్దామన్నారు, ఇంటికో పేరు చాలని. నాటిన చెయ్యి ఎవరిదో వాళ్ళ పేరే ఉండాలన్నాను. ఆ ఒక్క ముక్కకే రెండు మీటింగులు పట్టింది."

అత్తగారి వేలు ఆ వాక్యం మీదే ఉండిపోయింది. ఉడికించినవీ, ఉతికినవీ, తుడిచినవీ, రాత్రుళ్ళు లేచి పట్టినవీ, తన వాటా అంతా ఎవరి పేరున ఉందో వెతుక్కుంటున్నట్టు కూర్చుండిపోయింది.

ఇంతా చేస్తే మొదటి ఏడే పెద్ద పొరపాటు జరిగింది. కంపెనీవాళ్ళకి ఫొటోలో పచ్చగా కనిపించాలి. ఖాళీగా ఉన్న ఆ తడి మైదానం నిండా మొక్కలు నాటించి, ఒక్కోదానికి ఒక్కో పెద్దమనిషి పేరుతో పలక కట్టారు. మొక్కలు ఏపుగా ఎదిగాయి. తరతరాలుగా అక్కడ గుడ్లు పెట్టే పొడుగుకాళ్ళ పెద్ద కొంగలు వచ్చి, పైన రెండు చుట్లు తిరిగి, దిగకుండా వెళ్ళిపోయాయి. వాటికి నాలుగువైపులా నేల కనపడాలి. చెట్టు చాటున నక్క ఉందో లేదో తెలియని చోట అవి కాలు పెట్టవు. ఇప్పుడు ఆ చెట్లన్నీ తీయాలి, గట్టు కోసి నీళ్ళు వదలాలి, కొంగపిల్లలు ఎగిరేదాకా పశువుల మందలు అటు రాకూడదు. కంపెనీ పెద్దకి కోపం. పశువులవాళ్ళకి అనుమానం. ఒకళ్ళనొకళ్ళు నమ్మరు. ఇద్దరూ ఒప్పుకున్నది ఒక్క షరతు మీదే: ఈ వానాకాలం ఆ జిగురమ్మ వచ్చి అక్కడే ఉండాలి. లేకపోతే ఒప్పందం రద్దు.

అందుకే ఈ సంచి.

నిన్న మధ్యాహ్నం అత్తగారు బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే కొడుకు వచ్చి పక్కన నిలబడ్డాడు. బట్టలు ఆరేసే వేళకి ఎన్నడూ రాని మనిషి.

"అమ్మా, రేపు పొద్దున నీకు కళ్ళు తిరుగుతున్నాయని చెప్పు."

"నాకేం తిరగట్లేదుగా."

"తిరిగితే తప్పేముంది? నీ వయసుకి కాస్త తిరగాలి కూడా. నేను వద్దంటే నేను చెడ్డవాణ్ణవుతాను. నీకు బాగాలేదంటే తనే ఆగిపోతుంది."

"పాపం, అంత కష్టపడి..."

"నీకోసమే చెబుతున్నానమ్మా. నీకెవరు వండిపెడతారు? అయినా వెళ్ళినవాళ్ళంతా తిరిగొస్తారని నమ్మకమేంటి? నీకు తెలియనిదా?"

ఆఖరి మాట సూటిగా వెళ్ళి తగలాల్సిన చోటే తగిలింది. అనేద్దామనే అనిపించింది ఆవిడకి. అబద్ధం కూడా పూర్తిగా కాదు. ఆ మాట వినగానే నిజంగానే కాళ్ళకింద నేల కదిలింది. ఒక్క మాట అంటే చాలు, పొయ్యి దగ్గర స్టూలు ఉంటుంది, వేలు పెట్టి చదవడానికి కాగితం ఉంటుంది, "మళ్ళీ రాస్తా అత్తయ్యా" అనే గొంతు ఉంటుంది. తడిబట్ట చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. నీళ్ళు కారి పాదాలు తడిశాయి.

అప్పుడు గుర్తొచ్చింది. పెళ్ళయిన కొత్తలో అక్కకి పురుడనీ, చెల్లెల్ని చూడాలంటోందనీ కబురొస్తే తను సంచి సర్దుకుని గుమ్మంలోకి వచ్చేసరికి తన అత్తగారికి కళ్ళు తిరిగాయి. "వెళ్ళమ్మా వెళ్ళు, నేను పోతే పోతాను" అంటూ మంచమెక్కింది. తను సంచి విప్పేసి, ఆవిడకి గంజి కాచింది. కళ్ళు తిరగడం మర్నాటికి తగ్గిపోయింది. అక్కని మాత్రం మళ్ళీ చూడలేదు. ఉప్పుడబ్బా ఇప్పటికీ అరమీద మొదటిది.

పొద్దున్నే టీ తాగుతూ కొడుకు మొదలుపెట్టాడు. "అమ్మకి నిన్నట్నుంచీ కళ్ళు తిరుగుతున్నాయట. చెప్పమ్మా."

కోడలు బూట్లు కింద పెట్టేసింది. "అయ్యో, చెప్పరేం అత్తయ్యా? కూర్చోండి ముందు." అప్పటికే ఆమె రెండో చెయ్యి ఫోను అందుకుంది. ఆ చేతిని చూసింది అత్తగారు. విసుగు లేదు, కోపం లేదు. ఎన్నిసార్లు ఆగిందో, ఆగడం ఆ చేతికి అంత అలవాటు.

"ఫోను కింద పెట్టు. నాకు కళ్ళు తిరగట్లేదు. మా అత్తగారికి తిరిగేవి. ఆ జబ్బు ఆవిడతోనే పోయింది."

"అమ్మా, మరి ఇల్లు?" అన్నాడు కొడుకు.

"ఇల్లెక్కడికి పోతుందిరా? ఈ ఇంట్లో నా వాటా ఎప్పుడో పెట్టేశాను. ఈ పిల్లా పెట్టింది. ఇక నీ వాటా కోసమే చూస్తున్నాం. కుక్కరు అదిగో, బియ్యం ఇదిగో. గుండీ కుట్టుకోడం కావాలంటే నేర్పుతాను."

కొడుకు వేలాడే గుండీ పట్టుకుని చూసుకున్నాడు. కోడలికి నవ్వొచ్చింది, ఆపుకోబోతే కళ్ళలో నీళ్ళొచ్చాయి. అత్తగారు వంటింట్లోకి వెళ్ళి టీపొడి డబ్బా తెచ్చి, గట్టిగా మూత నొక్కి, శాలువా మడతలో పెట్టింది.

"అత్తయ్యా, మూత ఒక్కటేగా పెడతారు?"

"అక్కడంతా చెమ్మ అట. డబ్బా మూతా కలిసుంటేనే పొడి బాగుంటుంది. నువ్వు రావాలనిపిస్తే రా. ఈ ఇంట్లో నీ మూతేమీ తాకట్టులో లేదు."

కోడలు వంగి, ఆవిడ రెండు చేతులూ తీసుకుని తన మొహానికి ఆనించుకుంది. బస్సు కదిలాక కూడా అత్తగారి అరచేతులు తడిగానే ఉన్నాయి. తుడుచుకోబుద్ధి కాలేదు.

ఆ వానాకాలం కొడుకు మూడు గిన్నెలు మాడ్చాడు, నాలుగోది మాడ్చలేదు. మొదటిసారి అన్నం పొడిపొడిగా దిగినరోజు పక్కింటివాళ్ళకి కూడా చూపించి వచ్చాడు. "ఇంత పని రోజూ ఉంటుందామ్మా?" అని అడిగాడు ఒకరోజు, చీపురు పట్టుకుని. వాడి మొహం చూస్తే ప్రశ్న వాడికే తగిలిందనిపించింది. అడిగినందుకే ఆవిడకి ఎంతో తృప్తిగా ఉంది.

ఫోన్లో కోడలు చెబుతూనే ఉంది. "నా పేరు పీకేస్తారా?" అని కంపెనీ పెద్ద ఎగిరాడట. ఆమె ఆయన్ని గట్టుమీదికి తీసుకెళ్ళి, కొంగలు చుట్లు తిరిగి వెళ్ళిపోయే వేళదాకా నిలబెట్టిందట. మర్నాడు ఆయనే, చెట్లని వేళ్ళతో సహా తీసి రోడ్డు వెంట నాటుకుందాం, పలకలూ అక్కడే కడదాం అన్నాడట. గట్టు కోశారు. నీళ్ళొచ్చాయి. పశువులవాళ్ళు మాట మీద నిలబడ్డారు. ఒక సాయంత్రం ఆమె మాట్లాడకుండా ఫోను గాలిలోకి పట్టుకుంది. పాత తలుపు గడియ తీసినట్టు ఒక కూత. దానికి జవాబుగా ఇంకోటి.

"దిగాయా?" అంది అత్తగారు.

"దిగాయి అత్తయ్యా. జంట. మీరు ఆరోజు ఒక్క మాట అనుంటే ఇవి లేవు."

తిరిగొస్తానన్న రోజుకే కోడలు వచ్చింది, ఎండకి నల్లబడి. టీపొడి డబ్బా మూతతో సహా బల్లమీద పెట్టింది. "నాతో రండి, రెండు రోజులు. కొంగపిల్లలకి రెక్కలొస్తున్నాయి, చూద్దురుగాని. కొత్త ఒప్పందం ఎవరైనా చదివి వినిపిస్తేనే వేలిముద్ర వేస్తామంటున్నారు అక్కడి ఆడవాళ్ళు. నేను చదివితే వేగంగా ఉందట. మీ గురించి చెప్పాను. మీలా చదవాలట, వేలు పెట్టి."

అక్కకోసం సర్ది విప్పేసిన ఆ సంచి తర్వాత ఆవిడ తన సంచి సర్దుకోవడం అదే మొదటిసారి. ఏం పెట్టుకోవాలో తెలియలేదు. ఇన్నాళ్ళూ సర్దింది ఇతరుల ప్రయాణాలే. చెప్పులు తొడుక్కుంటూ ఓరకంట చూస్తే, కొడుకు ఎవరూ చూడట్లేదనుకుని తన టిఫిన్ డబ్బా మూత తెచ్చి సంచి అడుగున దూరుస్తున్నాడు. చూడనట్టే ఊరుకుంది. ఈ ఇంట్లో ఎవరైనా తన సంచిలో మూత పెడతారని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు. అందుకు కొడుకు మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో, వాడి చిన్నతనంలో కూడా అంత పుట్టలేదేమో.

గట్టు పక్కన కోడలు పనికోసం ఉండే రెండు గదుల ఇంట్లో ఆవిడ ఇప్పుడు పొద్దున్నే అరుగుమీద కూర్చుని చదువుతుంది. మొదలూ చివరా ఉన్న కాగితాలు. చుట్టూ రెల్లు నాటి వచ్చిన ఆడవాళ్ళు కాళ్ళు చాపుకుని వింటారు, అర్థం కాకపోతే ఆపుతారు. కోడలు నెలకోసారి ఇంటికి వెళ్ళి వస్తుంది. కొడుకు సెలవుల్లో వచ్చి, మూత గురించి అడగకుండా, వండి పెట్టి వెళతాడు.

రెండు రోజులకని వెళ్ళిన అత్తగారు మాత్రం ఆ పాత ఇంటికి తిరిగి రాలేదు. వెళ్ళింది ఆ ఏడు వానలు వెనకపట్టిన వారంలో, బుధవారం పొద్దున.