చవక ఊరిలో మూడు నెలలు

చిన్న ఊళ్ళో బతుకు చవక అని మెక్సికోలోని మా గ్వానహ్వాతో రాష్ట్రంలో అందరూ నమ్ముతారు. లియోన్ నగరపు బస్సులో ఊచ పట్టుకుని వేలాడేవాడు నమ్ముతాడు, మంగలి నమ్ముతాడు, అద్దె పెంచే ఇంటి యజమాని మరీ గట్టిగా నమ్ముతాడు. అందరూ నమ్మడం దేనికీ సాక్ష్యం కాదని ముప్పై నాలుగేళ్ళు తోళ్ళ కర్మాగారపు ప్రయోగశాలలో పనిచేసిన నాకు తెలుసు. ప్రతి వ్యాపారీ తన తోలే మెత్తనిదని నమ్మేవాడు. మేము ముక్క కోసి పరీక్షించేవాళ్ళం.

ఈ నమ్మకాన్ని కూడా కోసి చూడవలసిన అవసరం నవంబరులో వచ్చింది. పద్దెనిమిదేళ్ళుగా మేముంటున్న ఇంటి యజమాని సెన్యోర్ బెరుమెన్ గుమ్మంలోనే నిలబడి, కాఫీ వద్దన్నాడు. కాఫీ వద్దన్నప్పుడే నాకు అర్థమైంది.

"దోన్ ఎవారిస్తో, జనవరి నుంచి పన్నెండు వేల అయిదు వందల పెసోలు."

"ఇప్పుడిస్తున్నది తొమ్మిది వేలు కదండీ."

"అందుకేగా పెంచుతున్నాను. పన్నెండున్నర ఇస్తూ ఉంటే ఎందుకు పెంచుతాను?"

ఈ తర్కంలో లోపం ఉంది. కాని ఇల్లు ఆయనది.

నా పింఛను పదిహేడు వేల అయిదు వందలు. లియోన్‌లో మేము భరించగలిగినది ఒకే పడకగది ఉన్న ఏడు వేల రెండు వందల వాటా. అందులో నేను, నా భార్య అంపారో, ఒక మంచం పడతాం. నా పుస్తకాలు పట్టవు. అవి నలభై ఒక్క పెట్టెలు. పాత కాగితాలవాడు వచ్చి ఒక పెట్టెను చేత్తో ఎత్తి చూసి, శీర్షికల వైపు కన్నెత్తకుండా, కిలోకు ఇంత అని చెప్పి వెళ్ళాడు.

"అమ్మితే నీకు జ్వరం వస్తుంది," అంది అంపారో. "అమ్మకపోతే మనం వాటి మీద పడుకోవాలి. ఏదో ఒకటి తేల్చు ఎవారిస్తో."

తేల్చడానికి నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. కిలో తోర్తియా రొట్టెల ధర, వంటగ్యాసు సిలిండరు, నీళ్ళ బిల్లు, బస్సు చార్జీ, నాలుగు గదుల ఇంటి అద్దె. ఈ అయిదూ పట్టుకుని రాష్ట్రంలోని ఊళ్ళన్నీ బస్సులో తిరిగాను. విదేశీయులు ఎక్కువగా ఉండే సాన్ మిగెల్‌లో ఇళ్ళ దళారి నాతో ఇంగ్లీషులో మాట్లాడాడు, నేను స్పానిష్‌లో జవాబిచ్చాను. అతను అద్దె డాలర్లలో చెప్పాడు. "ఏడాదికా?" అని అడిగాను. అతను నా వంక జాలిగా చూశాడు. రాష్ట్ర రాజధానిలో చక్కటి ఇల్లు చవకగా దొరికింది, అయితే అది వీధి నుంచి నూట అరవై మూడు మెట్ల పైన ఉంది. "ముప్పై మెట్ల దాకా ఊరికే మోస్తాను తాతా, ఆపైన మెట్టుకో పెసో," అన్నాడు సిలిండర్లవాడు. సెలాయాలో ఇల్లు నచ్చింది, అద్దె నచ్చింది, యజమానురాలికి మేమూ నచ్చాం. ఆవిడ హామీదారుడిని తెమ్మంది. మేము అద్దె ఎగవేస్తే తాను కడతానని, అదే ఊళ్ళో సొంత ఇల్లున్న మనిషి సంతకం చేయాలి. అది లేకుండా మా దగ్గర కోళ్ళ గూడు కూడా అద్దెకు దొరకదు. సెలాయాలో మాకు ఎవరూ లేరు.

అకాంబరోలో ఉన్నారు. అంపారో పినతల్లికి చేలో అనే కూతురుంది, ఆమె భర్త దోన్ చోన్. ఆయనకు రొట్టెల బట్టీ ఉంది, దాని మీద సొంత ఇల్లుంది. మాకు అక్కడ దొరికిన ఇంటికి నాలుగు గదులు, పెరడు, అద్దె మూడు వేల ఎనిమిది వందలు. దోన్ చోన్ పిండి చేతులతోనే వచ్చి, హామీ కాగితం చదవకుండా సంతకం చేశాడు. "చదవరా?" అన్నాను. "మిమ్మల్ని చూశానుగా," అన్నాడు.

అంపారోకు లియోన్ వదలడం ఇష్టం లేదు. అందుకని ఒప్పందం రాసుకున్నాం. మూడు నెలలు అకాంబరోలో ఉండాలి. చిన్న వాటాలో ఉంటే లియోన్‌లో నెలకయ్యే మొత్తం పదిహేను వేల తొమ్మిది వందలని ఇద్దరం కూర్చుని లెక్క తేల్చాం. అకాంబరో సగటు దానికి ఒక పెసో తగ్గినా ఇక్కడే. ఒక పెసో పెరిగినా లియోన్, చిన్న వాటా, సగం పుస్తకాలు తూకానికి.

"ఏదీ వదలకుండా రాయాలి," అంది అంపారో.

"వదిలితే అది కొలత ఎలా అవుతుంది?" అన్నాను. ఆ మాట నేనే అన్నానని ఇక్కడ ఒప్పుకోవాలి.

మొదటి వారం ఖర్చును బట్టి నెలకు పది వేల నాలుగు వందలు తేలింది. ఆ అంకెను గోడ మీద అంటించాను. నమ్మకం నిజమయ్యేటట్టుంది. నా జీవితంలో ఒక జనాభిప్రాయం నిజం కావాలని నేను కోరుకున్నది అదే మొదటిసారి.

జనవరి ఆరున దోన్ చోన్ ఇంట్లో ముగ్గురు రాజుల పండుగ రోస్కా రొట్టె కోశారు. లోపల దాచిన బుల్లి బాలయేసు బొమ్మలు అయిదు, తినేవారు ముప్పై ఒక్కరు. బొమ్మ వచ్చినవారు ఫిబ్రవరి రెండున అందరికీ తమాలెలు, అంటే మొక్కజొన్న పిండి ఆవిరి పొట్లాలు, పెట్టాలి. నాకు వచ్చే అవకాశం ఆరింట ఒకటి కంటే తక్కువ కనుక నిశ్చింతగా కొరికాను. పంటి కింద బొమ్మ తగిలింది. నా ముఖం చేలో కనిపెట్టింది.

"మింగకండి బావగారూ! పోయినేడు మా మరిది మింగాడు. తమాలెల కంటే డాక్టరుకే ఎక్కువైంది."

అందరూ నవ్వుతుండగా అంపారో తన ముక్కలోంచి రెండో బొమ్మను తీసి బల్ల మీద పెట్టింది. ఒకే ఇంట్లో ఇద్దరికీ రావడం వందకు రెండుసార్లు జరుగుతుంది. అది ఆ రోజు జరిగింది. తమాలెలతో పాటు, బొమ్మ వచ్చిన పెద్దవాడిగా, ఆ ఇంటి బాలయేసు ప్రతిమకు ఖర్చులు పెట్టుకునే జ్ఞానతండ్రిని కూడా నేనే అయ్యాను. ఆయనకు కొత్త బట్టలు, కూర్చోవడానికి చిన్న కుర్చీ కొన్నాను. ఫిబ్రవరి రెండున చర్చికి ఎత్తుకుని వెళ్ళాను. నలభై ఏళ్ళలో నేను చర్చిలో అడుగు పెట్టింది అప్పుడే. ఆయన బరువు కిలోన్నర.

తరువాతి వారం దోన్ చోన్ వచ్చాడు. ఆయన మనవరాలు యారెలికి పదిహేనేళ్ళు నిండుతున్నాయి; మా దగ్గర ఆడపిల్లకు అది పెళ్ళంత వేడుక. ఆ వేడుకలో బూట్లకొక జ్ఞానతండ్రి, పాటగాళ్ళకొకరు, ఫొటోలకొకరు కుదిరారు. కేకు మిగిలింది.

"కేకుకు మీరే జ్ఞానతండ్రి కావాలి."

"నాకు దేవుడి మీద నమ్మకం లేదండీ."

"కేకు మీద ఉందా?"

"ఉంది."

"చాలు, కొంపాద్రే."

కొంపాద్రే అనిపించుకున్నాక వెనక్కి పోలేము. అది పిల్ల మీదుగా కుదిరిన వియ్యం లాంటిది. అయినా ఒక ప్రశ్న మిగిలింది. "మీదే బట్టీ కదా. కేకు మీరే చేయొచ్చుగా?"

"నేనేగా చేసేది! డబ్బు మాత్రం జ్ఞానతండ్రి ఇవ్వాలి. సొంత మనవరాలి కేకుకు తాతే ఇచ్చుకుంటే ఊళ్ళో ఏమనుకుంటారు? పిల్లకు ఎవరూ లేరనుకోరూ?"

ఆ విధంగా దోన్ చోన్ మనవరాలి కోసం దోన్ చోన్ చేసిన అయిదంతస్తుల కేకుకు నేను దోన్ చోన్‌కు అయిదు వేల రెండు వందలు చెల్లించాను. వేడుకలో మైకు పట్టుకున్నవాడు నన్ను "లియోన్ నుంచి విచ్చేసిన ఇంజనీరుగారు" అని పరిచయం చేశాడు. నేను ఇంజనీరును కానని చెప్పడానికి మైకు ఇవ్వలేదు. ఇంజనీరు అన్న మాట వీధి చివరకు నాకంటే ముందే చేరింది. ఫిబ్రవరి నెలాఖరుకు బట్టీ కుర్రాళ్ళ ఫుట్‌బాల్ జట్టు పదిహేను చొక్కాలకు, చేలో వాళ్ళన్నయ్య కొత్తగా పెట్టిన తాకోల చిరుతిళ్ళ బండి పెనానికి కూడా నేను జ్ఞానతండ్రిని. ఆ పెనాన్ని పాదిరి ఆశీర్వదించాడు. పక్కన నేను నిలబడ్డాను.

మార్చి ముప్పై ఒకటిన లెక్క ముగించాను. అకాంబరో సగటు పదహారు వేల మూడు వందల నలభై.

"ఇందులో జ్ఞానతండ్రి ఖర్చు బతుకు ఖర్చు కిందికి రాదు," అన్నాను. "అది ఐచ్ఛికం."

"ఒక్కరినైనా కాదన్నావా?" అని అడిగింది అంపారో.

"చొక్కాలవాళ్ళతో ఆలోచిస్తానన్నాను."

"నువ్వు ఆలోచిస్తానన్నావు, వాళ్ళు కొలతలు చెప్పి వెళ్ళారు. ఏదీ వదలకూడదని అనుకున్నాం కదా ఎవారిస్తో?"

అనుకున్నాం. మాట తప్పితే, ఫలితం నచ్చని ప్రతి తోలు వ్యాపారీ నాతో వాదించినదే నేనూ వాదించినట్టవుతుంది. ఇక్కడి పాత కాగితాలవాడికి ఫోన్ చేసి, శనివారం ఇరవై పెట్టెలకు రమ్మన్నాను. మరునాడు ఉదయం లియోన్ బస్సెక్కాను.

ఆ చిన్న వాటా ఇంకా ఖాళీగానే ఉంది. దళారి అమ్మాయి ఫారం ఇచ్చి, "హామీదారు ఎవరు సార్? లియోన్‌లో ఇల్లుండాలి," అంది. మునుపటి హామీదారు మా ప్రయోగశాల అధిపతి. ఆయన పోయి రెండేళ్ళయింది. పద్దెనిమిదేళ్ళు పక్కింట్లో ఉన్న సెన్యోర్ పాద్రోన్ దగ్గరకు వెళ్ళాను. చాలా సంతోషించాడు.

"రండి రండి దోన్ ఎవెరార్దో! ఊళ్ళో లేరా ఏమిటి?"

నా పేరు ఎవారిస్తో అని, మూడు నెలలుగా ఊళ్ళో లేనని చెప్పి, సంతకం సంగతి ఎత్తలేదు. అక్కడి నుంచి, ముప్పై ఏళ్ళు నా పక్క బల్ల మీద పనిచేసిన లిబ్రాదో ఇంటికి వెళ్ళాను.

"అయ్యో, సంతకమెంత భాగ్యం! కాని ఇల్లు నా భార్య పేర ఉందే."

"నా పేర లేదు!" అని వంటింట్లోంచి ఆమె అరిచింది.

"విన్నావుగా," అన్నాడు లిబ్రాదో, "ఎవరి పేర ఉందో మాకే తెలియదు."

చివరకు సెన్యోర్ బెరుమెన్‌నే అడిగాను. ఆయన సౌమ్యంగానే చెప్పాడు. "దోన్ ఎవారిస్తో, అద్దె కట్టలేనని నా ఇల్లు ఖాళీ చేసినవారు మీరు. మీరు అద్దె కడతారని నేనెలా సంతకం పెట్టను?"

ఈసారి తర్కంలో లోపం కనబడలేదు.

శుక్రవారం సాయంత్రం అకాంబరో చేరేసరికి దోన్ చోన్ మా గుమ్మం ముందు స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నాడు. అంపారో ఆయనకు అంతా చెప్పేసింది.

"వెళ్ళిపోతున్నారట?"

"ఇక్కడ ఖర్చెక్కువగా ఉంది, కొంపాద్రే."

ఆయన నన్ను చూశాడు, అంపారోను చూశాడు, మోకాళ్ళు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "అకాంబరోలోనా? చేలో, ఇటు రా, వినవే! ఇంజనీరుగారికి అకాంబరోలో ఖర్చెక్కువట! లియోన్ చవకట!" చేలో వీధిలోకి వెళ్ళి చెప్పింది. తాకోల బండి దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా నవ్వారు. నేను కాగితం చూపించాను. అంకెలున్న వైపు ఎవరూ చూడలేదు.

"మరి లియోన్‌లో సంతకం ఎవరు పెట్టారు?" అని అడిగాడు దోన్ చోన్, కళ్ళు తుడుచుకుంటూ.

"ఎవరూ పెట్టలేదు."

ఆయన నవ్వడం మానేశాడు. "పద్దెనిమిదేళ్ళు ఉన్నారన్నారు?"

"ఉన్నాం."

అంపారో లోపలికి వెళ్ళి, పాత కాగితాలవాడికి ఫోన్ చేసి శనివారం రావద్దని చెప్పింది.

ఏప్రిల్ నాలుగున అకాంబరో ఇంటికి ఏడాది ఒప్పందం రాసుకున్నాం. హామీదారు ఒకరు చాలు, నలుగురు వచ్చి సంతకాలు చేశారు. మా ఇద్దరికీ మూడు నెలల పరీక్షలో నెల సగటు: అకాంబరో 16,340 పెసోలు, లియోన్ అంచనా 15,900 పెసోలు. నమ్మకం నిలవలేదు. పుస్తకాలు ఒక్క పెట్టె కూడా అమ్మలేదు.