మెట్లవీధికి టోపీ దీపాలు

మెట్లవీధిలో పెద్దమ్మ జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. వీధంతా ఒకటే మాట: "చీకటి. ఇంకా పెద్ద లైట్లు వెయ్యాలి."

పురపాలక ఆఫీసులో వీధిదీపాలు చూసే ఇంజనీరు ఆవిడ చెల్లెలి కూతురే. చీకట్లో కనబడక పడ్డావా అని, కట్టుతో పడుకున్న పెద్దమ్మనే అడిగింది.

"చీకటేంటే? కళ్ళల్లో సూదులు గుచ్చినట్టు ఆ లైటు! మెట్టు కనిపిస్తేగా."

ఆ సాయంత్రం ఇంజనీరు వెళ్ళి అక్కడే నిలబడి చూసింది. ఫ్లడ్‌లైటు వెలుగు సగం ఆకాశానికి, సగం మనుషుల మొహాల్లోకి పోతోంది. మెట్ల అంచులు మాత్రం నీడలోనే ఉన్నాయి. ఆఫీసుకొచ్చి కొత్త నమూనా గీసింది: పొట్టి స్తంభాలు, కరెంటు తక్కువ తాగే పసుపు బల్బులు, వెలుగు కిందికే పడేలా వాటికి లోతైన టోపీలు.

చైర్మన్ అది చూసి నవ్వాడు. "పట్టపగల్లా చేస్తానని జనానికి మాటిచ్చానమ్మా. నువ్వు గుడ్డిదీపాలు తెస్తావా? పెద్ద లైట్ల కాగితం మీద సంతకం పెట్టు."

"పెట్టనండి."

"ఏమన్నావ్?"

"పెట్టనన్నాను. ముందు మీరొచ్చి ఆ మెట్లు ఎక్కండి."

పంతానికి పోయి, చీకటి పడ్డాక వెంట పదిమందిని వేసుకుని వచ్చాడు చైర్మన్. కింది మెట్ల దగ్గర ఆమె తన దీపాలు రెండు పెట్టించింది. అక్కడ కబుర్లు చెబుతూ చకచకా ఎక్కేశాడు. మలుపు తిరిగి ఫ్లడ్‌లైటుకి ఎదురవగానే చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకున్నాడు.

"పైన ఎవరున్నారో చెప్పండి," అంది ఇంజనీరు.

"ఎవరూ లేరు."

"ఇంత మనిషిని కనిపించట్లేదా నాయనా?" స్తంభం పక్కనుంచి పెద్దమ్మ గొంతు. "శుక్లాల ఆపరేషను కావాల్సింది నాకా, నీకా?"

వెంట వచ్చినవాళ్ళే పకపకా నవ్వారు. చైర్మన్ మొహం మాడిపోయింది. మర్నాడే ఇంజనీరుని మురుగుకాలువల సెక్షనుకి మార్చేశారు.

ఆమె సీట్లోకొచ్చిన కొత్తాయన ఆ కాగితం మీద సంతకం పెట్టేశాడు. పొడుగు స్తంభాలు లారీలో దిగాయి. అయితే తవ్విన మొదటి గోతి పక్కనే పెద్దమ్మ కుర్చీ వేయించుకుని కూర్చుంది. చూస్తుండగానే ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా మిగతా గోతుల దగ్గర చేరారు. "మా గుమ్మం ముందు సూర్యుణ్ణి పాతొద్దు," అన్నారు. బతిమాలినా బెదిరించినా లేవలేదు. చివరికి లారీ వచ్చిన దారినే పోయింది, టోపీ దీపాలు వచ్చాయి.

చైర్మన్ కబురంపాడు: క్షమాపణ చెప్పుకుంటే పాత సీటు ఇస్తాడట.

"దేనికి క్షమాపణ? మెట్లు కనబడుతున్నందుకా?" అంది ఇంజనీరు కబురు తెచ్చిన గుమాస్తాతో. "కాలువల్లోనే ఉంటానని చెప్పండి."

ఆ కాలువల సెక్షన్నుంచే ఆసుపత్రి రోడ్డుకి టోపీ దీపాల నమూనా పంపింది. తిరగ్గొట్టారు. మళ్ళీ పంపింది.