ఇరవయ్యో ట్యూబు

రక్తం తీయడంలో ఊరి ఆసుపత్రి సిస్టర్ చెయ్యి తిరిగిన మనిషి. ఎంత పేరుంటే ఏం లాభం, సూది చూస్తే తాతయ్యలకు ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఫ్లూ నిఘా కోసం డెబ్బై దాటిన ఇరవైమంది రక్తం కావాలన్నారు. చిన్నప్పుడు వచ్చిన పాత ఫ్లూల బలం వాళ్ల ఒంట్లో మిగిలుందా, కొత్త పక్షి ఫ్లూని అది కాస్తయినా అడ్డుకుంటుందా అని చూడటానికి. పంతొమ్మిది మంది మారుమాట్లాడకుండా చేతులు చాపారు. ఇరవయ్యో తాత కాళ్లకు బుద్ధి చెప్పాడు.

సాయంత్రానికి ట్యూబుల పెట్టె ల్యాబుకి వెళ్లిపోవాలి. సిస్టర్ గబగబా ఇంటికెళ్లి, అత్తగారి రక్తం తీసి, ట్యూబుకి తాత నంబరు అంటించేసింది. ఎవరైతేనేం, డెబ్బై దాటితే చాలు కదా అనుకుంది. కొంప ముంచింది ఆ అనుకోవడమే.

మూడు వారాలకు డాక్టరమ్మ కాగితాలు ఊపుకుంటూ వచ్చింది.

"సిస్టర్, మిగతావాళ్లలో అంతంతమాత్రమే. ఈ ఇరవయ్యో ఆయనలో మాత్రం పక్షి ఫ్లూ యాంటీబాడీలు దండిగా ఉన్నాయి. ఇది పాత ఫ్లూల పుణ్యం కాదు, ఈమధ్యే సోకి తగ్గింది. పదండి, ఆయన ఇంట్లో అందరికీ పరీక్షలు చెయ్యాలి."

సిస్టర్ లెక్క వేసుకుంది. నోరు మెదపకపోతే ఉద్యోగం నిలుస్తుంది. కానీ పరీక్షలు తాత ఇంట్లో జరుగుతాయి, తన ఇంట్లో జరగవు. తన ఆరేళ్ల కూతురు నాయనమ్మ పక్కలోనే పడుకుంటుంది.

"మేడమ్, అది మా అత్తగారి రక్తం" అనేసింది.

ఆ తర్వాత పడిన చీవాట్లు రాయాలంటే కాగితం చాలదు. అవన్నీ అయ్యాక ఇద్దరూ ఇంటికి బయల్దేరారు.

"పెద్దమ్మా, ఈమధ్య కోళ్లనీ బాతుల్నీ ముట్టుకున్నారా?" అడిగింది డాక్టరమ్మ.

"నేనా? జబ్బు పక్షుల జోలికి పోవద్దని మా కోడలు ఊరంతా చెప్పి తిరుగుతుంటేనా!"

"అత్తయ్యా, నేను చేసిన తప్పు నేను ఒప్పేసుకున్నాను. మీరూ చెప్పెయ్యండి" అంది సిస్టర్.

అత్తగారు తల దించుకుంది. "మేడ మీద గదిలో రెండు బాతులు. ఎవరో రోడ్డు మీద వదిలేసిపోయారు. చూస్తూ ఊరుకోలేకపోయాను. ఒకటి జబ్బు చేసి పోయింది. తర్వాత నాకు నాలుగు రోజులు జ్వరం."

"మరి మన పిల్ల?"

"మేడెక్కనివ్వలేదు. ఆ వారమంతా కాళ్లతో తంతోందని దాన్ని నీ గదిలోకి తరిమేశాను, గుర్తులేదూ? జబ్బొస్తే పిల్లల్ని దూరం పెట్టమన్నది నువ్వేగా!"

గుర్తులేకేం, ఆ వారమంతా సిస్టర్ అత్తగారితో మూతి ముడుచుకునే తిరిగింది. ఇప్పుడు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

మిగిలిన బాతుని పశువుల డాక్టరు తీసుకెళ్లాడు. కూతురి చేతికి సూది గుచ్చాల్సి వచ్చేసరికి, ఇన్నేళ్లలో మొదటిసారి సిస్టర్ సూదిని డాక్టరమ్మ చేతికిచ్చి మొహం తిప్పుకుంది. పారిపోయిన తాతను వెతికి తెచ్చేదాకా సెలవు లేదని డాక్టరమ్మ శిక్ష వేసింది.

ఈసారి అర్జంటని పంపడంతో నాలుగు రోజులకే ఫలితం వచ్చింది. పిల్ల రక్తంలో ఆ ఫ్లూ జాడే లేదు. సిస్టర్ వెళ్లి అత్తగారి పక్కన కూర్చుంది.

"అత్తయ్యా, అది నిజంగానే తంతుందా?"

"తన్నక! డొక్కలో తంతుంది" అంది అత్తగారు. "ఆ వారం తన్నేవాళ్లు లేక నాకు కంటిమీద కునుకు లేదమ్మాయ్."